డిజిటల్ ఫొటో ఫ్రేమ్ కొంటున్నారా? ముందు ఇంటి ఫొటోలు ఎవరెవరు చూస్తారో తేల్చుకోండి

అన్నవరంలో ఇల్లు, కువైట్‌లోనో దుబాయ్‌లోనో కొడుకు, హైదరాబాద్‌లో కూతురు. గోదావరి జిల్లాల్లో ఇలాంటి కుటుంబాలు ప్రతి వీధిలోనూ కనిపిస్తాయి. మనవడు అడుగులు వేసిన ఫొటో, మనవరాలు బిస్మిల్లా చదివిన ఫొటో వాట్సాప్‌లో వస్తూనే ఉంటాయి. అయితే ఆ ఫోన్ నానీది కాదు, మామూది. మామూ పనికి వెళితే ఫొటోలు కూడా ఆయన జేబులోనే వెళ్లిపోతాయి. రాత్రి ఆయన వచ్చాక రెండు నిమిషాలు చూపిస్తాడు, అంతే.

డిజిటల్ ఫొటో ఫ్రేమ్ ఈ లోటు కోసమే. చూడ్డానికి మామూలు ఫొటో పటంలాగే ఉంటుంది, లోపల మాత్రం చిన్న తెర. ప్లగ్ పెడితే చాలు, ఫొటోలు ఒకదాని తర్వాత ఒకటి మారుతూ ఉంటాయి. పెద్దవాళ్లు ఏమీ నొక్కక్కర్లేదు, పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. చాలామంది దీన్ని టీవీ కొన్నట్టే సైజు, రేటు చూసి కొనేస్తారు. అసలు ప్రశ్నలు వేరే ఉన్నాయి. ఫొటోలు పంపేది ఎవరు? చూసేది ఎవరు? మధ్యలో ఆ ఫొటోలు ఎక్కడెక్కడికి వెళతాయి?

మూడు రకాలు

మొదటిది కార్డు ఫ్రేమ్. ఇంటర్నెట్ ఉండదు. మెమరీ కార్డులోనో పెన్‌డ్రైవ్‌లోనో ఫొటోలు ఎక్కించి దానికి గుచ్చాలి. కొత్త ఫొటోలు రావాలంటే ఎవరో ఒకరు కార్డు తీసి మళ్లీ ఎక్కించాలి. ఇబ్బందే, కానీ ఇంటి ఫొటో ఇల్లు దాటదు. కార్డు కొనేటప్పుడు ఒక జాగ్రత్త: ఇలాంటి ఫ్రేముల్లో చాలావాటికి 32 జీబీ కార్డు వరకే పనిచేస్తుంది. 64, 128 జీబీ కార్డుల ఫార్మాట్ వేరుగా ఉంటుంది, చవకరకం ఫ్రేమ్ వాటిని గుర్తుపట్టదు. ఫొటోలకు 32 జీబీ ధారాళంగా సరిపోతుంది. ఒక్కో ఫొటో 3 ఎంబీ అనుకున్నా పది వేల దాకా పడతాయి.

రెండోది వై-ఫై ఉండి, ఫొటోలను తన సొంత మెమరీలోనే దాచుకునే ఫ్రేమ్. డెన్మార్క్ కంపెనీ ఫ్రేమియో చేసిన యాప్‌తో నడిచేవి ఈ రకంలో ఎక్కువగా కనిపిస్తాయి. ఫ్రేమ్ చేసేది ఏ బ్రాండ్ అయినా లోపల యాప్ అదే. ఫ్రేమ్ తెర మీద ఒక కోడ్ వస్తుంది. ఆ కోడ్‌ను కువైట్‌లో ఉన్న కొడుకు తన ఫోన్‌లోని యాప్‌లో కొడితే, అతను పంపిన ఫొటో అన్నవరంలో ఇంటి గోడ మీద కనబడుతుంది. ఇంట్లో నెట్ పోయినా అప్పటిదాకా వచ్చిన ఫొటోలు ఆడుతూనే ఉంటాయి.

మూడోది క్లౌడ్ ఫ్రేమ్. ఆరా, నిక్స్‌ప్లే లాంటివి ఈ కోవలోకి వస్తాయి. ఫొటోలు ముందు కంపెనీ సర్వర్లోకి వెళ్లి, అక్కడి నుంచి ఫ్రేమ్‌లోకి దిగుతాయి. వాడటానికి సులువే. కానీ షరతులు కంపెనీ చేతిలో ఉంటాయి, అవి ఎప్పుడైనా మారొచ్చు. నిక్స్‌ప్లే 2025 ఆరంభంలో ఉచిత స్టోరేజీని 10 జీబీ నుంచి 500 ఎంబీకి తగ్గించేసింది. ఫ్రేమ్‌ను పూర్తి డబ్బు కట్టి కొన్నవాళ్లకు కూడా అదే వర్తించింది. గూగుల్ ఫొటోస్ కథ కూడా ఇలాంటిదే. 2021 జూన్ 1తో ఉచిత అపరిమిత స్టోరేజీ ఆగిపోయింది. 2025 మార్చి 31 తర్వాత బయటి కంపెనీల యాప్‌లు గూగుల్ ఫొటోస్ ఆల్బమ్‌ను మొత్తంగా చదివే వీలు కూడా పోయింది. దాంతో ఆల్బమ్‌లో ఫొటో వేస్తే దానంతటదే ఫ్రేమ్‌లోకి వచ్చే ఏర్పాటు చాలా ఫ్రేముల్లో ఆగింది. ఇప్పటికీ పాత ప్రకటనల్లో ‘గూగుల్ ఫొటోస్ సపోర్ట్’ అని రాసి ఉంటే ఆ మాట నమ్మి కొనకండి.

నాలుగో దారి కూడా ఉంది, పైసా ఖర్చు లేనిది: ఇంట్లో మూలన పడున్న పాత ట్యాబ్. స్లైడ్ షో యాప్ వేసి స్టాండు మీద నిలబెడితే అదే ఫ్రేమ్. కాకపోతే రాత్రీ పగలూ ఛార్జింగ్‌లోనే ఉంచితే బ్యాటరీ ఉబ్బుతుంది. వెనక భాగం ఉబ్బినట్టు కనబడితే వెంటనే తీసేయాలి, పక్కన పిల్లలు పడుకునే చోట అసలు వద్దు. ఫ్రేముల్లో చాలావాటికి బ్యాటరీయే ఉండదు కాబట్టి ఈ భయం ఉండదు.

తెర సంగతి

పెట్టె మీద ‘హెచ్‌డీ’ అని రాసి ఉంటే దానర్థం ఏమైనా కావచ్చు. అంకెలు చూడండి. 10 అంగుళాల ఫ్రేములు ఎక్కువగా రెండు రకాలు: 1024×600, 1280×800. రెండోదే తీసుకోండి. మొదటిదాంట్లో దగ్గరికెళ్లి చూస్తే ముఖాలు గరుకుగా కనిపిస్తాయి. ‘ఐపీఎస్’ అనే మాట ఉందా లేదా కూడా చూడాలి. అది లేని తెరను పక్కనుంచి చూస్తే రంగులు వెలిసిపోయినట్టు, ఒక్కోసారి నెగెటివ్‌లా కనబడతాయి. మంచం మీద పడుకుని వారగా చూసే పెద్దవాళ్లకు ఇది ముఖ్యం.

ఎవరూ చెప్పని విషయం ఆకారం గురించి. ఫోన్‌తో తీసిన ఫొటో సాధారణంగా 4:3 కొలతలో ఉంటుంది. 1280×800 తెర దానికన్నా వెడల్పు. అడ్డంగా తీసిన ఫొటోకు పక్కల కొంచెం నలుపు మిగులుతుంది, ఫరవాలేదు. నిలువుగా తీసిన ఫొటో అయితే తెరలో సగం కూడా నిండదు. మన ఇళ్లలో పిల్లల ఫొటోలు ఎక్కువగా నిలువుగా తీసినవే. అందుకని ఫ్రేమ్‌ను నిలువుగా పెట్టుకునే వీలు, నిలబెట్టినప్పుడు ఫొటో దానంతటదే తిరిగే సదుపాయం ఉన్నది చూసుకోవాలి. ‘తెర నిండా చూపించు’ అనే సెట్టింగ్ పెడితే నలుపు పోతుంది కానీ తలలు తెగిపోతాయి.

వాట్సాప్ ఫొటో మసకగా వస్తుందేమో అని చాలామంది భయం. మామూలుగా వాట్సాప్ ఫొటోను పొడవు వైపు 1600 పిక్సెళ్ల దాకా కుదించి పంపుతుంది. ఫ్రేమ్ తెర 1280 మాత్రమే. అంటే చూసుకోవడానికి వాట్సాప్ ఫొటో సరిపోతుంది. దాచిపెట్టుకోవడానికి మాత్రం చాలదు. నిఖా, అఖీఖా లాంటి ఫొటోలను డాక్యుమెంట్‌గా పంపమనండి, లేదా హెచ్‌డీ గుర్తు నొక్కి పంపమనండి. ఐఫోన్‌తో తీసేవాళ్లు ఇంకో పని చేయాలి. 2017 నుంచి ఐఫోన్ కొత్త రకం ఫైలులో ఫొటో దాస్తోంది, కార్డు ఫ్రేములు చాలావరకు అది చదవలేవు, నల్ల తెర వస్తుంది. ఐఫోన్ సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్‌లోకి వెళ్లి ‘మోస్ట్ కంపాటిబుల్’ పెడితే ఆ తర్వాత తీసేవి మామూలు జేపెగ్ ఫైళ్లుగా వస్తాయి.

ఇంటి ఆడవాళ్ల ఫొటోలు

ఇక్కడ తొందరపడొద్దు. హాల్లో పెట్టిన ఫ్రేమ్‌ను ఇంటివాళ్లతో పాటు గ్యాస్ సిలిండర్ తెచ్చిన కుర్రాడు, కేబుల్ అబ్బాయి, మెహమాన్లు అందరూ చూస్తారు. పర్దా పాటించే కోడలు వంటింట్లో దుపట్టా లేకుండా నవ్వుతూ దిగిన ఫొటో అక్కడ రావడం ఆమెకు ఇష్టమేనా? ఆ మాట ఆమెనే అడగాలి. ఆమె తరఫున మరిదో మామగారో చెబితే కాదు.

ఇది ఇంట్లో చాదస్తం అని కొట్టిపారేసే విషయం కాదు. 2021 జులైలో ‘సుల్లి డీల్స్’, 2022 జనవరిలో ‘బుల్లి బాయి’ పేర్లతో ముస్లిం మహిళల ఫొటోలను సోషల్ మీడియా నుంచి తీసుకుని వేలానికి పెట్టినట్టు చూపించిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఆ మహిళలు చేసిన తప్పేమీ లేదు, తమ ఫొటో తాము పెట్టుకున్నారంతే. ఫొటో ఒకసారి ఇతరుల సర్వర్లోకి వెళ్లాక అది ఎవరి చేతిలో ఉందో చెప్పడం కష్టం.

ఫ్రేముల్లోనే దొంగతనం జరిగే వీలుందన్నది కూడా ఊహ కాదు. 2008లోనే అమెరికాలో బెస్ట్ బై షాపులు అమ్మిన ఇన్‌సిగ్నియా ఫ్రేముల్లో వైరస్ బయటపడింది. 2025 జూన్‌లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ‘బ్యాడ్‌బాక్స్ 2.0’ అనే ముప్పు గురించి హెచ్చరిస్తూ చవక టీవీ బాక్సులతో పాటు డిజిటల్ ఫొటో ఫ్రేముల పేరు కూడా చెప్పింది. అదే ఏడాది నవంబర్‌లో క్వోక్కా అనే మొబైల్ భద్రత సంస్థ యూహేల్ యాప్‌తో నడిచే ఫ్రేములను పరీక్షించి, వాటిలో చాలావరకు ఆన్ చేయగానే బయటి సర్వర్ల నుంచి హానికర సాఫ్ట్‌వేర్ దింపుకుంటున్నాయని బయటపెట్టింది. అలాంటి ఫ్రేమ్ ఇంట్లో వై-ఫైకి తగిలిస్తే దాని కన్ను మీ ఫొటోల మీదే కాదు, అదే వై-ఫై మీద ఉన్న ఫోన్ల మీద కూడా పడొచ్చు.

అందుకే పేరు ఊరు తెలియని బ్రాండ్ వై-ఫై ఫ్రేమ్ కన్నా ఇంటర్నెట్ లేని కార్డు ఫ్రేమ్ నయం. వై-ఫై కావాల్సిందే అంటే, కొనేముందు అది ఏ యాప్‌తో నడుస్తుందో అమ్మేవాళ్లను అడగండి. ఆ యాప్ పేరుతో ఏమైనా భద్రత వార్తలు వచ్చాయా అని అయిదు నిమిషాలు వెతకండి. రూటర్‌లో ‘గెస్ట్ నెట్‌వర్క్’ ఉంటే ఫ్రేమ్‌ను దానికే తగిలించండి. అప్పుడు ఇంట్లో ఫోన్లు ఒక గదిలో, ఫ్రేమ్ వేరే గదిలో ఉన్నట్టు లెక్క.

పంపేవాళ్ల జాబితా కూడా అప్పుడప్పుడు చూడాలి. ఫ్రేమ్ కోడ్‌ను ఫ్యామిలీ గ్రూపులో పెట్టేస్తే ఆ గ్రూపులో ఉన్న ప్రతి ఒక్కరూ మీ గోడ మీదకు ఏ ఫొటో అయినా పంపగలరు. ఒక్కొక్కరికి విడిగా ఇవ్వండి. ఎవరి ఫోనైనా పోతే ఆ రోజే వాళ్ల పేరు జాబితాలోంచి తీసేయండి. కార్డు ఫ్రేమ్ అయితే ఇంకా సులువైన ఉపాయం ఉంది: హాలుకు ఒక కార్డు, పడకగదికి ఇంకో కార్డు. ఉమ్రా ఫొటోలు, పిల్లల ఫొటోలు, ఈద్ రోజు దిగిన ఫొటోలు హాల్లో. మిగతావి లోపల.

నమాజు, తస్వీర్

ఇంట్లో ప్రాణుల బొమ్మలు పెట్టడంపై హదీసులు అందరికీ తెలిసినవే. తెర మీద ఆడే డిజిటల్ ఫొటో ఆ కోవలోకి వస్తుందా అన్న దగ్గర ఉలమాలు ఒక్క మాట మీద లేరు. దారుల్ ఉలూమ్ దేవ్‌బంద్ ఫత్వాలు ఫొటో విషయంలో కఠినంగా ఉంటాయి. పాకిస్తాన్‌కు చెందిన ముఫ్తీ తఖీ ఉస్మానీ, తెర మీద కనబడి మాయమయ్యే డిజిటల్ చిత్రం ప్రింట్ చేయనంతవరకు నిషిద్ధ తస్వీర్ కిందకు రాదని అభిప్రాయపడ్డారు. మర్హూమ్ అయిన పెద్దవాళ్ల ఫొటోలు వేసుకోవచ్చా అన్నదీ ఇంటింటికీ వేరుగా ఉంటుంది. మీ ఇంటి పెద్దలు నమ్మే ఆలిమ్‌ను కొనకముందే అడిగితే, కొన్నాక అటక మీద పడేసే పని ఉండదు. ఫ్రేమ్ వద్దనుకోనక్కర్లేదు కూడా. హరమ్ దృశ్యాలు, ఊరి పొలాలు, ఖతాతీ చిత్రాలు మాత్రమే ఆడించే ఇళ్లు ఉంటాయి.

నమాజు చేసేవాళ్ల ముందు బొమ్మ ఉండటం మక్రూహ్ అన్నదానిపై మాత్రం పెద్దగా పేచీ లేదు. మన జిల్లాలకు ఖిబ్లా పడమర, కాస్త ఉత్తరం వైపు. కాబట్టి నమాజు చదివే గదిలో పడమటి గోడ మీద ఫ్రేమ్ వద్దు. టైమర్ పెట్టుకుంటే సరిపోతుంది కదా అనుకోవచ్చు. చాలా ఫ్రేముల్లో రోజుకు ఒక ఆన్, ఒక ఆఫ్ సమయమే పెట్టగలం, అయిదు పూటలకూ కుదరదు. మనిషి కదలిక చూసి వెలిగే సెన్సర్ ఉన్న ఫ్రేమ్ మరీ ఇబ్బంది: సరిగ్గా రుకూలోకి వెళ్లగానే వెలుగుతుంది. గది మార్చడమే తేలిక.

కరెంటు, వై-ఫై

2025 అక్టోబరులో మోంథా తుపాను తీరం దాటిన రోజులు గుర్తున్నవాళ్లకు కరెంటు పోవడం గురించి చెప్పనక్కర్లేదు. ఫ్రేమ్‌కు బ్యాటరీ లేదు కాబట్టి కరెంటు పోతే ఆరిపోతుంది, అది సహజం. తిరిగి వచ్చాక దానంతటదే వెలిగి ఫొటోలు మొదలవుతాయా అన్నదే అసలు పరీక్ష. కొన్ని ఫ్రేములు మెనూ దగ్గర ఆగిపోయి ఎవరో ఒకరు బటన్ నొక్కేదాకా అలాగే ఉంటాయి. నానీకి ఆ మెనూ తెలియదు. కొన్న రోజే ప్లగ్ తీసి మళ్లీ పెట్టి చూడండి. ఆగిపోతే వాపసు పంపే గడువులోపు పంపేయండి.

ఇంట్లో కొత్త ఫైబర్ రూటర్ ఉంటే అది రెండు రకాల వై-ఫై ఇస్తుంది, 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. చాలా ఫ్రేములకు మొదటిదే తెలుసు. ‘వై-ఫై కనబడటం లేదు’ అని ఫ్రేమ్‌ను తిట్టేముందు అది చూడండి. ఇంట్లో నెట్టే లేకుండా మామూ ఫోన్ హాట్‌స్పాట్ మీద నడపాలనుకుంటే, ఆయన ఇంట్లో ఉన్నంతసేపు కొత్త ఫొటోలు దిగుతాయి. ఫొటోలను తనలోనే దాచుకునే రెండో రకానికి అది చాలు, క్లౌడ్ రకానికి చాలదు.

గల్ఫ్ నుంచి వచ్చేటప్పుడు తెచ్చే ఫ్రేమ్ ప్లగ్‌కు మూడు బల్లపరుపు పిన్నులు ఉంటాయి, మన సాకెట్‌లో దూరవు. అడాప్టర్ మీద 100–240 వోల్టులు అని రాసి ఉంటే కన్వర్టర్ పిన్ పెట్టి వాడుకోవచ్చు. లేదా అదే వోల్టు, ఆంపియరు ఉన్న అడాప్టర్ ఇక్కడే కొనుక్కోవచ్చు, దాని మీద బీఐఎస్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఆ నంబరు అసలుదో కాదో బీఐఎస్ కేర్ యాప్‌లో చూడొచ్చు. విదేశంలో కొన్నదానికి ఇక్కడ వారంటీ మామూలుగా దొరకదని ముందే లెక్క వేసుకోండి.

ఖర్చు లెక్క

ఉదాహరణకు 7,000 రూపాయల ఫ్రేమ్ అయిదేళ్లు పనిచేస్తే నెలకు 117 రూపాయలు పడ్డట్టు. 5 వోల్టులు, 2 ఆంపియర్ల అడాప్టర్ గరిష్ఠంగా 10 వాట్లు తాగుతుంది. రోజుకు 12 గంటలు నడిపినా నెలకు 4 యూనిట్ల లోపే. కరెంటు బిల్లు గురించి దిగులు అక్కర్లేదు. దిగులు పడాల్సింది చందా గురించి. నెలకు 200 రూపాయల చందా ఉన్న ఫ్రేమ్ అయితే అయిదేళ్లకు 12,000 అవుతుంది, ఫ్రేమ్ ఖరీదును మించిపోతుంది. చందా కట్టడం ఆపితే ఏమేం ఆగిపోతాయో కొనేముందే అడగాలి. ‘అన్నీ ఫ్రీ’ అన్న మాట పెట్టె మీద రాసి ఉందా, అమ్మేవాడి నోట్లోనే ఉందా అన్నది కూడా చూసుకోవాలి.

ఆన్‌లైన్‌లో కొంటే వస్తువు ఏ దేశంలో తయారైందో పేజీలో చెప్పి తీరాలని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు అంటున్నాయి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అలా జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. బిల్లు, పెట్టె, పార్శిల్ విప్పుతూ తీసిన వీడియో ఉంచుకుంటే వాదనకు పనికొస్తాయి.

పాత ఆల్బమ్‌లు

ఫ్రేమ్ వచ్చిందన్న సాకుతో అయినా బీరువాలోని పాత ఫొటోలు బయటికి తీయండి. 1996 నవంబర్ కోనసీమ తుపానులో ఇళ్లే నిలవలేదు, ఆల్బమ్‌ల మాట చెప్పాలా. తడి తగిలిన ఆల్బమ్‌లో ఫొటో ప్లాస్టిక్ కాగితానికి అంటుకుపోతుంది. బలవంతంగా లాగితే ముఖం చిరిగిపోతుంది, అలాగే ఉంచి కాగితం పైనుంచే ఫొటో తీయడం మంచిది. మామూలు 4×6 ప్రింటును 300 డీపీఐలో స్కాన్ చేస్తే 1800×1200 పిక్సెళ్లు వస్తాయి, ఫ్రేమ్‌కు ఎక్కువే. పాస్‌పోర్టు సైజు ఫొటోలకు 600 పెట్టమనండి. స్కాన్ షాపులో ఇచ్చేటప్పుడు పక్కనే ఉండి చేయించుకోండి, పని అయ్యాక వాళ్ల కంప్యూటర్లోంచి ఫైళ్లు తీసేయించండి.

స్కాన్ చేసినవి ఫ్రేమ్‌లో ఉన్నాయి కదా అని ఊరుకోవద్దు. ఫ్రేమ్ పాడైతే అందులోని ఫొటోలూ పోతాయి. రెండు పెన్‌డ్రైవ్‌లలో కాపీ చేసి, ఒకటి అన్నవరం ఇంట్లో, ఇంకోటి హైదరాబాద్‌లో కూతురి దగ్గర ఉంచితే ఒక తుపానుకు రెండూ పోవు.

ఫ్రేమ్‌ను కానుకగా పంపేవాళ్లు పెట్టె విప్పకుండా పంపకండి. ముందే విప్పి, యాభై ఫొటోలు ఎక్కించి, ఫొటో మారే సమయం 30 సెకన్లకు పెట్టి, రాత్రి ఆరిపోయేలా చేసి పంపండి. చాలా ఫ్రేముల్లో ఆ సమయం 10 సెకన్లలోపే ఉంటుంది. పెద్దవాళ్లు ముఖం గుర్తుపట్టేలోపే ఫొటో మారిపోతుంది. ఎన్నాళ్లకో ఫ్రేమ్‌ను అమ్మాల్సి వస్తేనో రిపేరుకు ఇవ్వాల్సి వస్తేనో, కార్డు బయటికి తీసి, సెట్టింగ్స్‌లో ఫ్యాక్టరీ రీసెట్ చేసి, పంపేవాళ్లందరి యాప్‌లోనూ ఆ ఫ్రేమ్‌ను తొలగించాకే ఇవ్వండి.